రాబోవు కార్యక్రమముల పట్టిక

“రాబోవు కార్యక్రమములు” అను శీర్షిక వ్రాయుట కంటె సులభమైన పని లేదని తోచును. గ్రంథాలయపు గుమ్మము ప్రక్కనున్న నల్లబల్లమీద, ఆలయ ప్రాకారమునకు కట్టిన గుడ్డమీద, సంగీతసభవారు పంచిపెట్టు కరపత్రముమీద ఆ రెండు మాటలే కానవచ్చును. అయితే ఆ రెండింటిలో మొదటి మాట తక్కిన మాటల వంటిది కాదు. “కచేరి” అన్న మాటను ఈ పూట చదివినను, ఆరు మాసముల పిమ్మట చదివినను కచేరియే. “రాబోవు” అన్నది మాత్రము చదువునట్టి దినమునుబట్టి నిజమో అబద్ధమో యగును. వ్రాసినవాని దినము వేరు. చదువువాని దినము వేరు. వ్రాసినవాడు తన దినమును కాగితముతోపాటు పంపలేడు.

రేడియోలో పనిచేయువారికి ఈ సంగతి వృత్తిరీత్యా తెలిసినదే. ముందుగా ధ్వనిముద్రణ చేయు ప్రసంగములో “నిన్న”, “రేపు”, “వచ్చే ఆదివారము” అను మాటలను రానీయరాదని క్రొత్తగా చేరినవారికి మొట్టమొదటనే చెప్పుదురు. ఆ ప్రసంగము ఏ దినమున వినబడునో స్టూడియోలో కూర్చున్నవానికి తెలియదు గదా! కార్యక్రమ పత్రికకును ఇదియే నియమము. ప్రసారమునకు ఎన్నియో దినములు ముందుగా అది అచ్చునకు పోవును. కావున అందులో తేది, వారము, గంట, నిమిషము ఉండునే గాని “నేడు” అను మాట ఉండదు. గాయకునకు జ్వరము వచ్చి మార్పు జరిగినచో ఆ మార్పును మైక్రోఫోను ముందు చెప్పవలసినదే. అచ్చైన కాగితమును ఇంటింటికి పోయి దిద్దలేము.

ఈ చిక్కే ఇప్పుడు వెబ్‌సైట్లకును వచ్చినది. అన్నిటికిని కాదు, ఒక తరగతి వెబ్‌సైట్లకు. వాటిని స్థిరపుటల సైట్లనవచ్చును. ఆ పని చేయువారు స్టాటిక్ సైట్లందురు. అట్టి సైటులో రాబోవు కార్యక్రమముల పట్టికను చేర్చుట ఎట్లన్నదే ఈ ప్రసంగమునకు విషయము. విషయము చిన్నదిగానే కనబడును. కాని పట్టిక చూచి, బస్సెక్కి, ఇరువది కిలోమీటర్లు వచ్చిన వృద్ధునకు మూసిన తలుపు ఎదురైనచో అది చిన్న విషయము కాదు. అది కచేరియైనచో నిరాశతో పోవును. ఉచిత నేత్రచికిత్సా శిబిరమైనచో కన్నే పోవచ్చును.

ముందు స్థిరపుట యన నేమో చెప్పవలెను. మిఠాయి దుకాణములో రెండు విధముల పదార్థములుండును. దోసె కావలెనన్నచో అడిగిన పిమ్మట పెనముమీద వేయుదురు. జంతికలు కావలెనన్నచో ముందే వండి డబ్బాలో ఉంచినవి తీసి యిత్తురు. వెబ్‌సైట్లును అంతియే. కొన్ని సైట్లలో, చూడవచ్చినవాడు అడిగిన క్షణమున సర్వరు అను యంత్రము లెక్కలపుస్తకము వంటి ఒక నిల్వలోనుండి వివరములు తీసి, పుటను అప్పటికప్పుడు అల్లి పంపును. అది దోసె. స్థిరపుటల సైటులో పుటలన్నియు ముందే తయారై యుండును. అడిగినవాని కెల్ల ఒకే పుటను ఉన్నదున్నట్లు ఇచ్చివేయుదురు. అవి జంతికలు.

జంతికల పద్ధతియే ముందు పుట్టినది. 1991లో జెనీవా సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్‌సైటును ప్రజలకు తెరచినప్పుడు అందులోని పుటలు అట్టి సాదా పుటలే. తరువాత దోసెల కాలము వచ్చెను. మరల 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ అను అమెరికా దేశస్థుడు జెకిల్ అను సాధనమును వెలువరించెను. సాదా అక్షరములతో వ్రాసిన చిన్న చిన్న ఫైళ్ళను ఇచ్చినచో, ఒక మూసలో పోసి పుటలన్నిటిని ఒక్కసారిగా అది తయారుచేయును. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా వెలువరించిన హ్యూగో అను సాధనము ఇదే పనిని మిక్కిలి వేగముగా చేయును. ఇట్టివి మరికొన్ని కలవు. పుటలను ఇట్లు ఒక్కసారిగా తయారుచేయుటను “బిల్డు” అందురు. మనము కూర్పు అందము.

చిన్న సంస్థలకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలమైనది. పాడగుటకు లోపల నిల్వ లేదు, వేళకు తైలము పోయవలసిన యంత్రము లేదు. ఇట్టి పుటలను ఉచితముగా ఉంచుకొననిచ్చు చోట్లును 2008 నుండి కలవు. కార్యదర్శి మారినచో ఒక ఫోల్డరును క్రొత్త కార్యదర్శికి అప్పగించిన చాలును. అయిదు సంవత్సరములు ఎవరును ముట్టకున్నను ఆ పుటలు తెరచుకొనును. ఉన్న లోప మొక్కటే. జంతికల డబ్బాకు ఈ దినము ఏ వారమో తెలియదు.

ఒక పట్టణములోని సంగీతసభను ఊహింతము. నెలకొక కచేరి, సంవత్సరమునకొక త్యాగరాజ ఆరాధన, వేసవిలో పిల్లల పోటీలు. సభవారి సైటు స్థిరపుటల సైటు. దాని ముఖపత్రముమీద రాబోవు కార్యక్రమములు కనబడవలెనని కార్యవర్గము తీర్మానించినది. జరిగిపోయినవి వాటంతటవే క్రిందికి దిగిపోవలెను. సైటు చూచు యువకుడు ప్రతి కార్యక్రమమునకు ఒక చిన్న ఫైలు వ్రాయును. అందులో కార్యక్రమము పేరు, ఆరంభమగు వేళ, ముగియు వేళ, స్థలము, పాల్గొనువారు ఉండును. తేదిని మాత్రము సంవత్సరము, నెల, దినము అను వరుసలో 2025-01-18 అని వ్రాయవలెను. 1988లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన పద్ధతి ఇది. మనము దినము ముందు వ్రాయుదుము. అమెరికావారు నెల ముందు వ్రాయుదురు. 05-06 అన్నచో మనకు జూన్ అయిదు, వారికి మే ఆరు. సంవత్సరము ముందున్నచో ఆ తగవు లేదు. పైగా యంత్రము ఆ అంకెలను అకారాది క్రమమున పేర్చినను అవి కాలక్రమముననే వచ్చును. ఇది చిన్న సౌకర్యమే గాని చాల పని తప్పించును.

ఇక చిక్కులు. మొదటి చిక్కు ఎంతమందిని ఏడిపించినదో చెప్పలేము. జెకిల్, హ్యూగో మొదలైనవి పుట్టినది ముఖ్యముగా వ్యాసములు ప్రకటించుటకు. వ్యాసమునకు తేది యనగా ప్రకటించు తేది. ఎవరైన వచ్చే నెల తేది వేసి వ్యాసమును వ్రాసి ఉంచినచో, ఆ దినము వచ్చువరకు దానిని బయటపెట్టరాదు గదా యని వీటి కర్తలు తలచిరి. కావున తేది భవిష్యత్తులో ఉన్న పుటను, ప్రత్యేకముగా చెప్పననిదే, అవి కూర్పులో చేర్చవు. అది వ్యాసమునకు న్యాయమైన ఏర్పాటే. ఇప్పుడు మన యువకుడు కచేరి తేదినే “తేది” అను గడిలో వ్రాసెననుకొందము. ఫలితమేమి? కచేరి ప్రకటన కచేరి నాటి వరకు కనబడదు! ఏ దోషసందేశమును రాదు. పుట ఊరక లేకుండును. భవిష్యత్తు పుటలను కూడ చేర్చుమని ఆజ్ఞ ఇచ్చు ఏర్పాటు ఆ సాధనములలో ఉన్నది. కాని అట్లు చేసినచో నిజముగా దాచి ఉంచవలసిన వ్యాసములును బయటపడును. ప్రకటించు తేదికి ఒక గడి, కార్యక్రమపు తేదికి వేరొక పేరుగల గడి ఉంచుటయే సరియైన మార్గము. పెండ్లి శుభలేఖ పంచు దినము వేరు, ముహూర్తము వేరు; రెండింటిని ఒక గడిలో వ్రాయము.

రెండవ చిక్కు లోతైనది. మూసలో “తేది ఈ దినము తరువాతదైనచో రాబోవు పట్టికలో చేర్చుము” అని వ్రాయవచ్చును. యంత్రము చేర్చును. కాని ఆ “ఈ దినము” ఏ దినము? కూర్పు జరిగిన దినము. ఆ పిమ్మట మరల కూర్పు జరుగువరకు ఆ పుటకు అదియే “ఈ దినము”. యువకుడు సంక్రాంతికి ముందు పుటలు కూర్చి, పరీక్షల ఒత్తిడిలో పడి శివరాత్రి వరకు వాటి జోలికి పోకున్నచో, జనవరి కచేరులు ఫిబ్రవరిలోను రాబోవుచునే యుండును. లెక్క సరిగానే ఉన్నది; లెక్కించిన దినమే పాతది.

మన పంచాంగమును చూడుడు. అదియు ముందే వండిన పదార్థమే. సంవత్సరమునకొకసారి గణించి అచ్చువేసినది. అడిగినప్పుడెల్ల ఎవరును మరల గణింపరు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చినది, 2025లో మార్చి 30న వచ్చినది. ఏ యేటి పుస్తకము ఆ యేడు చెల్లును. అయినను పంచాంగము పాతదై మనలను మోసగించినదని ఎవరును అనరు. ఏలనన అది “రాబోవు ఏకాదశి” అని ఎక్కడను వ్రాయదు. మాసము, పక్షము, తిథి, వారము, తేది వ్రాసి ఊరకుండును. ఈ దినము ఏదో చదువరియే తనతో తెచ్చుకొనును. స్థిరపుటలు వ్రాయువారు ముందుగా అనుసరింపవలసిన మార్గము ఇదియే యని నా అభిప్రాయము. ప్రతి కార్యక్రమమునకు పూర్తి తేది, సంవత్సరముతో, వారముతో సహా కనబడునట్లు ఉండవలెను. “జనవరి 18” అన్న చాలదు. “2025 జనవరి 18, శనివారము” అనవలెను. శీర్షిక సయితము “2025 జనవరి మొదలు జూన్ వరకు కార్యక్రమములు” అని యున్నచో ఎన్నటికిని అబద్ధము కాదు.

వారమును గురించి ఒక మాట. వారమును యంత్రమే లెక్కించి వ్రాయగలదు గనుక మనము వ్రాయ నక్కరలేదని కొందరందురు. నేను ఒప్పుకొనను. కార్యదర్శి చేతితో శనివారమని వ్రాసి, తేదిని పొరపాటున 19 అని వ్రాసినచో, ఆ రెండును పొసగవని యంత్రము పట్టుకొని కూర్పును ఆపవలెను. రెండు మార్గముల చెప్పిన మాట ఒకదాని కొకటి సాక్షి. పాతకాలపు దస్తావేజులలో తిథియు, వారమును, ఇంగ్లీషు తేదియు మూడును వ్రాయుట ఇందుకే ఉపయోగపడినది. శాసనముల కాలమును నిర్ణయించు పండితులు వారమును తిథితో సరిచూచుకొందురు.

పూర్తి తేది ఉన్న పిమ్మట, పట్టిక తనంతట తాను సర్దుకొనుటకు రెండుపాయము లున్నవి. ఒకటి, దినమున కొకసారి పుటలను మరల కూర్చుట. మనిషి చేయనక్కరలేదు. యూనిక్స్ యంత్రములలో 1970ల నుండియు క్రాన్ అను గడియారపు సేవకుడు కలడు. ఏ గంటకు ఏ పని చేయవలెనో చీటీ వ్రాసి ఇచ్చినచో ఆ వేళకు చేయును. సైట్లను ఉంచు సంస్థలును ఇట్టి చీటీలను స్వీకరించును. వండినవి పాతబడునన్న భయముండగా, ప్రతిరాత్రి క్రొత్త వాయి వేయుట యన్నమాట.

ఈ ఉపాయములో రెండు మెలికలున్నవి. మొదటిది గడియారము. కూర్పు చేయు యంత్రములు సాధారణముగా యు.టి.సి. అను విశ్వకాలమానమును పాటించును. భారతదేశపు కాలమానము తూర్పు రేఖాంశము ఎనుబది రెండున్నర డిగ్రీలకు నిర్ణయింపబడినది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవును. అది విశ్వకాలమునకు అయిదున్నర గంటలు ముందు. కావున మనకు అర్ధరాత్రియైనప్పుడు ఆ యంత్రమునకు సాయంకాలము ఆరున్నర, తేది ముందుటిదే. మన కాకినాడ రేఖ సంగతి ఎరుగని యంత్రము “ఈ దినము” అన్నప్పుడు అది ఎవరి దినమో విచారింపవలెను.

ఇందుండి పుట్టిన దోషమొకటి విచిత్రమైనది. సభవారి కచేరి 18వ తేది సాయంకాలము ఆరు గంటలకు. ఫైలులో వేళ వ్రాయక తేది మాత్రము వ్రాసిరి. వేళ లేని తేదిని యంత్రము ఆ దినపు మొదటి క్షణముగా గ్రహించును; అదియు విశ్వకాలములో. అనగా మన లెక్కకు 18వ తేది తెల్లవారుజామున అయిదున్నర. ఆరు గంటలకు కూర్పు జరిగినది. “ఈ కార్యక్రమపు వేళ అరగంట క్రిందట దాటిపోయినది” అని యంత్రము దానిని జరిగినవాటిలో చేర్చినది. కచేరి ఆ సాయంకాలమే. పట్టికలో మాత్రము లేదు! ప్రజలు ఎక్కువగా పట్టిక చూచునది కార్యక్రమము నాటి ఉదయముననే గదా. సరిగా ఆ పూటనే అది మాయమగును. మరునాడు ఎవరైన పరీక్షించినచో అంతయు సక్రమముగానే కనబడును గనుక ఈ దోషము చాలకాలము పట్టుబడదు. దీనికి మందు తేలికయే. ఆరంభవేళతో కాక ముగింపువేళతో పోల్చవలెను. ముగింపు తెలియనిచో ఆ దినము పూర్తిగా గడచువరకు ఉంచవలెను. ప్రతి వేళకును “భారతకాలము, విశ్వకాలమునకు అయిదున్నర గంటలు ముందు” అను గుర్తును యంత్రమునకు తెలియునట్లు చేర్చవలెను. జరిగిన కచేరి ఒక రాత్రి అధికముగా కనబడినచో నష్టము లేదు; జరుగవలసిన కచేరి ఒక ఉదయము కనబడకున్నచో హాలు ఖాళీ.

రెండవ మెలిక సేవకునిది. ఉచితముగా పుటలను ఉంచు గిట్‌హబ్ అను స్థలములో, అందరికి తెరచిన ఫోల్డరుయందు అరువది దినములు ఏ మార్పును జరుగనిచో, దినదిన కూర్పు దానంతటదియే నిలిచిపోవు నియమ మున్నది. గంట కొట్టు వేళకు అందరును పని చెప్పుదురు గనుక ఆలస్యమును కలుగవచ్చును. పన్నెండు గంటలకని కాక పన్నెండు గంటల పదునేడు నిమిషములకు చెప్పుట మేలు. వేసవిలో రెండు నెలలు సభ నిద్రించినచో సేవకుడును నిద్రించును. తిరిగి జూలైలో లేపవలెనని ఎవరికి జ్ఞాపకముండును?

ఇక రెండవ ఉపాయము. చదువువాని యంత్రమునే “ఈ దినము ఏది?” అని అడుగుట. పుటలో ఒక చిన్న జావాస్క్రిప్టు ముక్కను ఉంచినచో, పుట తెరచిన క్షణమున చదువరి ఫోనులోని గడియారమును చూచి, జరిగిపోయిన కార్యక్రమములను అది వేరు చేయును. పంచాంగమును చేతబట్టుకొని చదువరియే ఈ దినమును తెచ్చుకొనుట వంటిదే ఇదియు. వ్రేలితో వెదకు శ్రమ తప్పును, అంతియే. ఇది సేవకుని నిద్రకు లోబడదు. అయితే ఈ ముక్క పనిచేయని ఫోనులుండును. దానిని ఆపివేసికొనువారు నుందురు. వారికి పట్టిక యావత్తు కనబడును. పూర్తి తేదులున్నవి గనుక వారు తప్పుదారి పట్టరు. ముక్క పనిచేసిన పిమ్మటనే పట్టిక కనబడునట్లు వ్రాయువారు కొందరు కలరు. అది పనిచేయనిచో చదువరికి ఖాళీ గోడ కనబడును. అట్లు వ్రాయరాదు.

దూరదేశములలోని తెలుగువారి మాట ఇక్కడనే చెప్పవలెను. సభవారు కచేరిని ఇంటర్నెట్టు ద్వారా వినిపింతురనుకొందము. ఇక్కడి సాయంకాలము ఆరు గంటలు న్యూయార్కులో శీతకాలమున ఉదయము ఏడున్నర, వేసవిలో ఎనిమిదిన్నర. మన గడియారము ఏడాది పొడుగున ఒకటే. వారిది ఏటికి రెండుసార్లు జరుగును. “సాయంకాలము ఆరు గంటలకు” అని మాత్రము వ్రాసినచో అక్కడి కోడలు అత్తగారికి ఫోను చేసి అడుగవలసి వచ్చును. “భారతకాలమానము ప్రకారము” అను రెండు మాటలు చేర్చుటకు సిరా పెద్దగా ఖర్చు కాదు.

మరల మరల వచ్చు కార్యక్రమములలో మన దేశమునకు ప్రత్యేకమైన కష్టమొకటి ఉన్నది. క్యాలెండరు వివరములను యంత్రములు ఒకదాని కొకటి అందించుకొనుటకు ఐకేలండర్ అను ప్రమాణము 1998లో ఏర్పడి, 2009లో సంస్కరింపబడినది. “ప్రతి నెల రెండవ శనివారము” అని దానికి ఒక్క పంక్తిలో చెప్పవచ్చును. కాని త్యాగరాజ ఆరాధన రెండవ శనివారము రాదు. అది పుష్య బహుళ పంచమి. 2024లో జనవరి 30న, 2025లో జనవరి 18న వచ్చినది. 2015లో ఆ ప్రమాణమునకు ఒక అనుబంధము చేర్చి, చైనా, హీబ్రూ, ఇథియోపియా పంచాంగముల వంటివాటిని అనుసరించు ఉత్సవములకు మార్గము చూపిరి. సూర్యోదయమునకున్న తిథినిబట్టి నడచు మన లెక్క అందులో ఇమిడినది కాదు. కావున తిథిని పేరుగా వ్రాసి, పంచాంగము చూచి, ఏటేట తేదిని మనిషియే నింపవలెను. నన్నడిగినచో నెలవారీ కచేరులకును నియమము వ్రాయుటకంటె పన్నెండు తేదులను విడివిడిగా వ్రాయుటయే మేలు. ఆ పన్నెండింటిలో రెండైన పండుగకో, ఎన్నికలకో, వానకో జరుగక మానవు. నియమమునకు మినహాయింపులు వ్రాయుట, తేదులు వ్రాయుటకంటె కష్టము.

అట్లని ఐకేలండర్ నిరుపయోగమని తలపరాదు. పుటలను కూర్చునప్పుడే అవే ఫైళ్ళనుండి ఒక క్యాలెండరు ఫైలును కూడ తయారుచేయవచ్చును. అదియు స్థిరమైన ఫైలే గనుక అదనపు యంత్రమేదియు అక్కరలేదు. రసికుడొకడు దానిని తన ఫోనులోని క్యాలెండరునకు ఒక్కసారి జతచేసికొనినచో, ఫోను అప్పుడప్పుడు పోయి చూచి, క్రొత్త తేదులను తెచ్చుకొనును; కచేరికి గంట ముందు లేపును. అందులో ప్రతి కార్యక్రమమునకు మారని గుర్తింపు పేరొకటి ఉండవలెను. వేళ మారినప్పుడు ఆ పేరును మార్చక వేళను మాత్రము మార్చినచో ఫోనులోని పాత వేళ దిద్దబడును. పేరును మార్చినచో రెండు కచేరులు కనబడును. రసికుడు రెండింటిలో ఏది నిజమో యని సందేహించును.

రద్దైనవాటిని గురించి గట్టిగా చెప్పవలసి యున్నది. కచేరి రద్దైనచో చాలమంది ఆ ఫైలును తీసివేయుదురు. పుట శుభ్రముగా కనబడును. కాని నిన్న చూచి తేదిని గుర్తుపెట్టుకొన్నవానికి ఈ శుభ్రత ఏమి చెప్పును? పట్టికలో లేదు గనుక పొరపాటున విడిచినారేమో యని అతడు బయలుదేరి వచ్చును. రద్దైన కార్యక్రమము ఆ తేది గడచువరకు తన స్థానముననే యుండి, “రద్దు చేయబడినది” అని పెద్ద అక్షరములతో చెప్పవలెను. వాయిదా పడినచో పాత తేదిని కొట్టివేసి ప్రక్కన క్రొత్త తేదిని చూపవలెను. యంత్రములకు సయితము ఈ భేదమును తెలుపుటకు ఏర్పాట్లున్నవి. శోధన యంత్రములు చదువు స్కీమా అను పదకోశమున రద్దు, వాయిదా అను గుర్తులు వేర్వేరుగా ఉన్నవి. 2020లో మహమ్మారి వలన సభలన్నియు ఇండ్లలోనికి పోయినప్పుడు “ఆన్‌లైనుకు మార్చబడినది” అను గుర్తును కూడ చేర్చిరి.

జరిగినవాటిని పారవేయవలదు. అవి వేరొక పుటలో సంవత్సరముల వారీగా నిలిచినచో, అయిదేండ్ల పిమ్మట సభకు అదియే చరిత్ర. ఏ విద్వాంసుడు ఎప్పుడు వచ్చి పాడెనో ఆ పుట చెప్పును. స్థిరపుటల సైటు ఇట్టి పనికి చక్కగా తగును. పాతబడుట దానికి లోపము కాని చోటు ఇది.

కడపట మిగులునది ఖాళీ పట్టిక. వేసవిలో కార్యక్రమములేవియు లేవు. యంత్రము తన నియమము ప్రకారము “రాబోవు కార్యక్రమములు” అను శీర్షిక వేసి, దాని క్రింద ఏమియు వ్రాయదు. చూచినవాడు సభ మూతబడినదనుకొనవచ్చును, లేదా తన ఫోను చెడినదనుకొనవచ్చును. మూసలోనే ఈ సందర్భమును తలచి ఒక వాక్యము వ్రాసి ఉంచవలెను. ప్రస్తుతము నిర్ణయింపబడిన కార్యక్రమములు లేవు, చివరి కచేరి ఫలాని తేదిన జరిగినది, వివరములకు సభ కార్యాలయమున సాయంకాలము అయిదు నుండి ఏడు గంటల లోపల విచారింపవచ్చును, అని. దాని క్రింద చిన్న అక్షరములతో ఆ పుట కూర్చిన తేదియు, వేళయు.